అవతార్ మొదటి సీజన్ ఎక్కడ గాడిన పడుతుంది?

నిడదవోలు_నాన్న (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. సెలవుల్లో రోజుకొకటి చొప్పున ఇద్దరం కలిసి చూద్దామని 'అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్' మొదలుపెట్టి, నిన్నటితో ఆరు ఎపిసోడ్లు పూర్తిచేశాం. 2005లో నికెలోడియన్ ఛానల్‌లో మొదలై 2008లో ముగిసిన ఈ సీరియల్ పేరెత్తితే మా ఆఫీసులో ముప్పై ఏళ్ల లోపు వాళ్లందరూ పూనకం వచ్చినట్టు మాట్లాడతారు. వాళ్ల మాటలు విని నేను ఊహించుకున్నదానికీ, ఇప్పటిదాకా చూసినదానికీ పొంతన కుదరక ఈ ప్రశ్న అడుగుతున్నాను.

నూరేళ్లు మంచుగడ్డలో నిద్రపోయిన ఆంగ్ అనే పన్నెండేళ్ల పిల్లవాడిని కటారా, సొక్కా అనే అన్నాచెల్లెళ్లు బయటికి తీస్తారు. నీరు, భూమి, అగ్ని, గాలి నాలుగింటినీ ఆడించగల అవతార్ అతనేనని తెలుస్తుంది. ముందు నీటి విద్య నేర్చుకోవాలి కాబట్టి ముగ్గురూ ఆకాశంలో ఎగిరే దున్నపోతునెక్కి ఉత్తర ధ్రువానికి బయలుదేరతారు. అక్కడినుంచి ప్రతి ఎపిసోడ్‌లోనూ ఒక కొత్త ఊరు, ఆ ఊరికొక కష్టం, ఆఖరి ఐదు నిమిషాల్లో ఆ కష్టం తీరడం, మళ్లీ ప్రయాణం. వెనకాలే అగ్నిరాజ్యపు యువరాజు జూకో ఓడ వేసుకుని తరుముకుంటూ వచ్చి, అరిచి, ఓడిపోయి వెళుతూ ఉంటాడు. పేదరాశి పెద్దమ్మ కథల్లో రాజకుమారుడు ఊరూరా ఆగినట్టుంది తప్ప, నేను విన్న గొప్పతనం నాకు కనిపించలేదు. మూడో ఎపిసోడ్‌లో తన గురువు అస్థిపంజరాన్ని ఆంగ్ చూసే దృశ్యం ఒక్కటే నన్ను నిజంగా కదిలించింది. ఆ మర్నాడు చూసిన నాలుగో ఎపిసోడ్‌లోనే ఆ పిల్లవాడు సముద్రంలో పెద్ద చేపనెక్కి సవారీ చేస్తూ, ఆడపిల్లల ముందు గొప్పలు పోతూ కనిపించేసరికి ఆ కదలిక కూడా చల్లారిపోయింది.

"సగం దాకా ఓపిక పట్టండి, తర్వాత మీరే ఆపలేరు" అంటున్నారు. సీజన్‌లో 20 ఎపిసోడ్లు, ఒక్కొక్కటి సుమారు 23 నిమిషాలు. సగం దాకా ఓపిక అంటే దాదాపు నాలుగు గంటలు. నాలుగు గంటల తర్వాత బాగుపడే కథను మంచి కథ అనవచ్చా అన్నది నా మొదటి సందేహం. నిజంగానే బాగుపడితే ఎక్కడ, ఏది మారడం వల్ల బాగుపడుతుందన్నది రెండోది. కథ ముందే తెలిసిపోతుందని మొహమాటపడకండి. పాప పక్కన కూర్చునేముందు నాకు తెలిసి ఉండడమే మంచిది.

పాత_ప్రొజెక్టర్

మీరు చెప్పిన లోపాలు ఉన్నవే. అభిమానులు ఒప్పుకోరు గానీ, మొదటి ఆరు ఎపిసోడ్లలో ఈ సీరియల్ పిల్లల వినోదం దగ్గర ఆగాలో, ఇంకా లోతుకు వెళ్లాలో తేల్చుకోలేక తడబడుతున్నట్టే ఉంటుంది. ఆ తడబాటు రెండు అంచెల్లో పోతుందని నా అభిప్రాయం.

మొదటి అంచె ఏడు, ఎనిమిది ఎపిసోడ్లు. రెండూ కలిపి ఒకే కథ. ఇంతవరకు ఆంగ్ ప్రయాణానికి గమ్యం ఉంది గానీ గడువు లేదు. ఉత్తర ధ్రువానికి వారంలో చేరినా, ఆరు నెలలకు చేరినా ఒకటే కనుక దారిలో చేపల మీద సవారీలు చేయగలుగుతున్నాడు. మీకు కలిగిన విసుగు అక్కడినుంచే పుట్టింది. ఎనిమిదో ఎపిసోడ్‌లో అతనికి ముందటి అవతార్ అయిన రోకూ కనిపించి, నూరేళ్ల కిందట అగ్నిరాజు సోజిన్ ఏ తోకచుక్క బలంతో యుద్ధం మొదలుపెట్టాడో అదే తోకచుక్క ఈ వేసవి చివర మళ్లీ వస్తుందనీ, ఆలోగా నాలుగు విద్యలూ నేర్చి ఇప్పటి అగ్నిరాజును ఓడించకపోతే ఆ తర్వాత అవతార్ వల్ల కూడా కాదనీ చెబుతాడు. కథాకాలం అప్పటికి శీతాకాలం నడుమన ఉంది కాబట్టి చేతిలో ఏడాది కూడా లేదు. ఊరికొక కథ అన్న పద్ధతి దీని తర్వాతా పోదు. అయితే ఊళ్లో ఆగిన ప్రతిసారీ రోజులు కరిగిపోతున్నాయన్న బెంగ చూసేవారి మనసులో ఒక మూల ఉంటుంది.

రెండో అంచె, నా లెక్కలో అసలైనది, పన్నెండో ఎపిసోడ్ 'ద స్టార్మ్'. తుఫాను రోజున ఒక ముసలి జాలరి ఆంగ్‌ను గుర్తుపట్టి, లోకం నీకోసం ఎదురుచూస్తుంటే మొహం చాటేసినవాడివి నువ్వే కదా అని నిలదీస్తాడు. అప్పుడు ఆంగ్ ఒక గుహలో కూర్చుని కటారాకు తన కథ చెబుతాడు. అవతార్‌వి నువ్వేనని పదహారేళ్లకు చెప్పవలసిన మాటను పన్నెండేళ్లకే చెప్పి, తోటి పిల్లలు ఆటలో కలుపుకోని స్థితికి తెచ్చి, చివరకు ప్రాణంగా చూసుకునే గురువునుంచి కూడా విడదీయాలని పెద్దలు నిశ్చయించడం చాటుగా విని ఆ రాత్రే పారిపోయాడు. అగ్నిరాజ్యం దాడి చేసిన నాడు అతడు అక్కడ లేడు. మీరు మూడో ఎపిసోడ్‌లో చూసిన ఆ అస్థిపంజరం పక్కన ఆంగ్ ఎందుకు లేడన్నదానికి జవాబు ఇది.

అదే రాత్రి జూకో ఓడలో సిబ్బంది అతని పొగరు భరించలేక గొణుగుతుంటే, పెదనాన్న ఐరో వాళ్లను కూర్చోబెట్టి ఆ ముఖం మీది మచ్చ కథ చెబుతాడు. కొత్తగా చేరిన కుర్ర సైనికుల దళాన్ని ఎరగా వేసి బలిచేయాలని ఒక సేనాని ప్రతిపాదిస్తే, పదమూడేళ్ల జూకో నిండుసభలో అది తప్పని నోరు విప్పాడు. ఆ నేరానికి ద్వంద్వయుద్ధానికి సిద్ధపడి వెనక్కి తిరిగి చూస్తే ఎదురుగా నిలబడింది సేనాని కాదు, కన్నతండ్రి. తండ్రి మీద చెయ్యెత్తలేనని మోకరిల్లిన పిల్లవాడి ముఖం కాల్చి, అవతార్‌ను పట్టి తెస్తే తప్ప తిరిగి రావద్దని దేశంనుంచి గెంటివేశారు. నూరేళ్లుగా ఎవరికీ కనిపించని మనిషిని పట్టి తెమ్మనడమంటే ఇక రావద్దని చెప్పడమే కదా. (ఆ ద్వంద్వయుద్ధానికి వాళ్లు పెట్టిన పేరు 'అగ్ని కై'. సీరియల్ పేరులోనే మన మాట ఉంది కాబట్టి ఇలాంటివి విన్నప్పుడు తెలుగువాడి చెవి చటుక్కున నిక్కబొడుచుకుంటుంది.)

ఇద్దరి గతాలనూ పక్కపక్కన అల్లడంలో నేర్పు ఎక్కడుందంటే, ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి ఒకరి కష్టం ఒకరికి చెప్పించలేదు. తెలిసేది మనకు మాత్రమే. ఆ పైన తుఫానులో ఓడ ఊగిపోతూ ఉండగా ఆంగ్ కంటబడినా, జూకో అతన్ని తరమకుండా ఓడను క్షేమంగా బయటపడేయమంటాడు. ఆరు ఎపిసోడ్లుగా అరుస్తున్న కుర్రవాడు ఆ క్షణంలో మనిషిగా కనిపిస్తాడు. పదమూడో ఎపిసోడ్ 'ద బ్లూ స్పిరిట్' దానికి కొనసాగింపు కనుక ఆ రెండూ ఒకే రోజు చూడండి.

పదకొండోది, 'ద గ్రేట్ డివైడ్', దాటేసినా నష్టం లేదు. రెండు తెగలు లోయ దాటుతూ కొట్టుకోవడమే దాని కథ. మూడో సీజన్‌లో ఈ పిల్లల ప్రయాణాన్ని ఎవరో నాటకంగా ఆడే ఎపిసోడ్ ఒకటుంది. అందులో ఆ లోయ పేరు రాగానే ఆగకుండా ఎగిరిపోదాం పదమంటారు. సొంత రచయితలే అంత మాట అన్నాక మనం మొహమాటపడనక్కర్లేదు.

చింతచిగురు

పాత_ప్రొజెక్టర్ గారు చెప్పిన పన్నెండో ఎపిసోడ్ గొప్పదనంతో నాకు పేచీ లేదు. మొదటి ఆరూ తడబాటన్న మాటతోనే పేచీ. తండ్రిగారూ, మీరు ఆగిన చోటు చూసి నాకు నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. ఆరో ఎపిసోడ్ చివరి దృశ్యం గుర్తుందా? సముద్రం నడుమ ఉన్న ఇనుప జైలునుంచి అందరూ తప్పించుకున్న తర్వాత, కటారా మెడలో ఉండవలసిన తల్లి కంఠపట్టీ కనిపించదు. అది జూకోకు దొరుకుతుంది. మీరు సరిగ్గా ఆ ముడి పడిన చోట ఆపి, ముళ్లేమీ లేవంటున్నారు.

ఆ పట్టీ వెంట వెళ్లి చూడండి. తొమ్మిదో ఎపిసోడ్‌లో జూకో కటారాను చెట్టుకు కట్టేసి, ఆంగ్ ఆచూకీ చెబితే ఇది తిరిగిస్తానని ఆశ చూపుతాడు. పదిహేనో ఎపిసోడ్‌లో దాని వాసన పట్టే జంతువును వెంటపెట్టుకుని వీళ్ల జాడ తీస్తాడు. అక్కడ పట్టీ చేతులు మారి కటారాకు చేరుతుంది. హమ్మయ్య, పోయిన నగ దొరికిందని మనం మరిచిపోతాం. పద్దెనిమిదో ఎపిసోడ్‌లో, ఆడపిల్లకు యుద్ధవిద్య నేర్పనని మొండికేసిన ముసలి గురువు పక్కూ, నేల మీద పడిన ఆ పట్టీని చూసి నిలువునా ఆగిపోతాడు. అరవై ఏళ్ల కిందట తాను చేతులారా చెక్కి, పెళ్లి చేసుకోబోయే అమ్మాయికి ఇచ్చినది అదే. ఆ అమ్మాయి కటారా నాయనమ్మ. ఏ ఆచారం ఆడవాళ్లను అణచిందో ఆ ఆచారాన్ని కాదనే ఆమె ఊరు విడిచి వెళ్లిపోయింది. ఊరికొక కథ అని మీరు విసుక్కున్న నాలుగు వేర్వేరు ఊళ్ల మీదుగా ఒక నగ నడిచి వచ్చి, చివరకు ఒక ముసలివాడి గర్వాన్ని దించింది.

జూకో విషయమూ అంతే. రెండో ఎపిసోడ్‌లో ఊరి జోలికి రానని మాట ఇస్తే లొంగిపోతానని ఆంగ్ అంటాడు. జూకో మాట ఇస్తాడు, నిలబెట్టుకుంటాడు. మూడో ఎపిసోడ్‌లో అగ్నిరాజ్యానికే చెందిన మరో సేనాని జావోతో ద్వంద్వయుద్ధం గెలిచి కూడా, కిందపడ్డవాడి ముఖం కాల్చగలిగీ కాల్చడు. జావో మాత్రం వెనకనుంచి దెబ్బతీయబోతాడు. అప్పుడు మనం అస్థిపంజరపు దుఃఖంలో ఉండి దీన్ని పట్టించుకోలేదు. పన్నెండోది చూసిన తర్వాత ఆ దృశ్యానికి తిరిగి వెళితే, కిందపడిన మనిషి ముఖం ముందు చేయి ఆపడం ఆ కుర్రవాడికి ఎంత బరువైన పనో తెలుస్తుంది. అప్పుడు లేని అర్థం ఇప్పుడు తెచ్చి అతికించారని నేను అనుకోను. అది అక్కడే ఉంది, మనకే చూపు చాలలేదు.

తొమ్మిదో ఎపిసోడ్‌లో ఐరో తన చదరంగం లాంటి ఆటలోని ఒక తామరపువ్వు బిళ్ల పోయిందని ఓడనే దారి మళ్లిస్తాడు. ఆఖరికి అది అతని చేతి మడతల్లోనే దొరుకుతుంది. పాప నవ్వుతుంది, మీరూ నవ్వండి. రెండో సీజన్ దాకా అంతకంటే ఏమీ చెప్పను.

ఎపిసోడ్లు తమ వెనకటివాటిని గుర్తుపెట్టుకోవడం మొదలుపెట్టాక ఈ సీజన్ బాగుపడిందని మీలో చాలామంది అంటారు. అది మొదటినుంచీ గుర్తుపెట్టుకుంటూనే ఉంది, కాకపోతే మనకు చెప్పలేదు.

గీతలపిచ్చి

కథ గురించి ఇద్దరూ చెప్పారు కాబట్టి కదలిక గురించి రాస్తాను. హైదరాబాదులో యానిమేషన్ పని చేసి పొట్టపోసుకుంటున్నవాణ్ణి, నా కళ్లు ముందు అక్కడికే పోతాయి.

ఈ సీరియల్ సృష్టికర్తలు మైకేల్ డాంటే డిమార్టినో, బ్రయాన్ కొనియెట్జ్‌కో. వాళ్లు చేసిన తెలివైన నిర్ణయం, మంత్రాన్ని మంత్రంలా చూపించకపోవడం. కిసూ అనే యుద్ధవిద్యా గురువును సలహాదారుగా పెట్టుకుని, నాలుగు భూతాలకూ నాలుగు చైనా యుద్ధకళలను ఆధారం చేసుకున్నారు. నీటికి తాయ్ చీ, భూమికి హుంగ్ గార్, అగ్నికి ఉత్తర షావొలిన్, గాలికి బాగువా. కాబట్టి నిప్పు విసిరేవాడు దూకుతూ ముందుకు వస్తాడు, నీటిని ఆడించేవారు ఎదుటివాడి బలాన్ని తీసుకుని అతనికే తిప్పికొడతారు, ఆంగ్ గుండ్రంగా తిరుగుతూ తప్పించుకుంటాడు. ఆంగ్ స్వభావమే తప్పించుకోవడం అని పన్నెండో ఎపిసోడ్ మాటల్లో చెబుతుంది. అతని కాళ్లు అది మొదటి రోజునుంచీ చెబుతున్నాయి.

అయితే ఈ ఆలోచన కాగితం మీద ఉండడం వేరు, తెర మీదికి రావడం వేరు. టీవీ యానిమేషన్‌లో రచన, స్టోరీబోర్డు (దృశ్యాలను వరుసగా గీసుకున్న చిత్తుబొమ్మలు) ఒక దేశంలోనూ, గీసి కదిలించే పని వేరొక దేశంలోనూ జరగడం మామూలు. దీనికి గీత కొరియాలో, జేఎం యానిమేషన్, డీఆర్ మూవీ వంటి స్టూడియోలలో జరిగింది. మా రంగంలో అనుభవం ఏమిటంటే, మొదటి ఎపిసోడ్ రంగులతో సహా తిరిగి వచ్చి మీరు చూసుకునేసరికి ఏడో, ఎనిమిదో ఎపిసోడ్ల బోర్డులు వెళ్లిపోయి ఉంటాయి. నేర్చుకున్న పాఠం సీజన్ నడుమకు గానీ తెర మీద కనబడదు. ఇక్కడ అదే జరిగిందని ప్రమాణం చేయను. మొదటి ఎపిసోడ్లలో పోరాటాలు చాలావరకు నువ్వొకటి విసిరితే నేనొకటి విసురుతా అన్నట్టు ఉంటాయి. నడుమకు వచ్చేసరికి ఎవరు పోరాడుతున్నారో ముఖం చూడకుండానే చెప్పగలిగేలా ఉంటాయి.

దానికి అందరికంటే మంచి సాక్ష్యం పదమూడో ఎపిసోడ్. జావో కోటలో బందీగా ఉన్న ఆంగ్‌ను విడిపించడానికి జూకో నీలం ముసుగు వేసుకుని వస్తాడు. నిప్పు వాడితే ఎవరో తెలిసిపోతుంది, నోరు విప్పినా తెలిసిపోతుంది. సీరియల్‌లోని ప్రధాన ఆకర్షణను, మాటలను రెండింటినీ రచయితలు తమంతట తామే తీసి పక్కన పెట్టేశారు. మిగిలింది రెండు కత్తులు, ఒక శరీరం. ఆ శరీరంలో తొందర, కోపం, వెనక్కి తగ్గని మొండితనం ఉన్నాయి. ముసుగు తీయకముందే మా ఇంట్లో ఒకరు "ఇది జూకో నడక" అన్నారు. గీసేవాడికి అంతకు మించిన కితాబు లేదు. ఈ ఎపిసోడ్ దర్శకుడు డేవ్ ఫిలోని ఆ తర్వాత స్టార్ వార్స్ యానిమేషన్ సీరియళ్లకు వెళ్లాడు.

పద్దెనిమిదోలో కటారా, పక్కూల పోరాటాన్ని వేగం తగ్గించి మీ అమ్మాయికి చూపించండి. కటారా సొంతంగా నేర్చుకున్నది, ముసలాయన జీవితమంతా సాధన చేసినది. ఇద్దరివీ ఒకే విద్య అయినా ఆమె కోపంతో పెద్దపెద్దగా కదులుతుంది, ఆయన అవసరమైనంత మేరకే కదులుతాడు. ఆమె ఓడిపోతుందని మొదటి నిమిషంలోనే తెలుస్తుంది, అయినా మనం ఆమె వైపే ఉంటాం.

బొమ్మలన్నీ చివరిదాకా మెరుగవుతూనే పోయాయని మాత్రం అనను. పద్నాలుగు, పదిహేనులలో కొన్ని ముఖాలు చూస్తే నాకు ఇప్పటికీ చెయ్యి దురదపెడుతుంది.

నిడదవోలు_నాన్న

పది రోజుల తర్వాత తిరిగి వచ్చాను. పదిహేడు దాకా అయ్యాయి. అందరికీ కృతజ్ఞతలు, ముఖ్యంగా కంఠపట్టీ చూపించిన చింతచిగురు గారికి. పదిహేనులో అది కటారా చేతికి వచ్చినప్పుడు నేనే ముందు "అదిగో" అన్నాను. మా అమ్మాయి నన్ను అనుమానంగా చూసింది.

పన్నెండు, పదమూడు గురించి మీరు చెప్పినది అక్షరాలా నిజం. పదమూడు చివర్లో స్పృహ తప్పిన జూకో పక్కనే ఆంగ్ కూర్చుని, నూరేళ్ల కిందట అగ్నిరాజ్యంలో తనకొక స్నేహితుడు ఉండేవాడనీ, మనమిద్దరం అప్పుడు కలిసి ఉంటే స్నేహితులమయ్యేవాళ్లమా అనీ అడుగుతాడు. జవాబుగా జూకో నిప్పు విసురుతాడు. పాప చాలాసేపు మాట్లాడలేదు. పడుకునేముందు, వాళ్ల నాన్న అలా చేశాక కూడా జూకో వాళ్ల నాన్న దగ్గరికే ఎందుకు వెళ్లాలనుకుంటున్నాడని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఒక్క విషయంలో మాత్రం మీ ఇద్దరితోనూ విభేదిస్తాను. నాకు మలుపు పన్నెండు కాదు, పది. జెట్ అనే కుర్రవాడు అడవిలో అనాథ పిల్లలను కూడగట్టి అగ్నిరాజ్యపు సైనికులతో పోరాడుతుంటాడు. మాటకారి, ధైర్యవంతుడు, కటారాకు వెంటనే నచ్చేస్తాడు. తీరా చూస్తే సైనికులను చంపడానికి ఆనకట్ట పేల్చి, ఊళ్లో ఉన్న సొంత జనాన్ని కూడా ముంచేయడానికి సిద్ధపడతాడు. అంతవరకు ఈ కథలో చెడు అంతా అగ్నిరాజ్యం జెండా కిందే ఉండేది. మన వైపు నిలబడ్డవాడు కూడా తప్పు చేయగలడని చూపించిన మొదటి రోజు అది. శత్రువు వైపు ఉన్నవాడు మంచివాడు కావచ్చునన్న పన్నెండో ఎపిసోడ్ మాట నమ్మబుద్ధి అయిందంటే, రెండు రోజుల ముందు పదోది దారి వేసి ఉంచినందువల్లనే. మరొకటి, ఆ జనాన్ని కాపాడింది మేము అంతవరకు విదూషకుడనుకున్న సొక్కా.

పద్నాలుగు, పదిహేను మళ్లీ కిందికి దిగాయి. ముఖ్యంగా పదిహేనులో కటారా వాళ్ల తండ్రి దగ్గరికి చేర్చే పటాన్ని ఆంగ్ దాచిపెట్టడం చాలా పెద్ద తప్పు. ఒంటరిగా మిగిలిపోతానన్న భయం వల్ల చేశాడని అర్థమైంది. అయితే అంత పెద్ద తప్పును అదే ఎపిసోడ్‌లో అన్నాచెల్లెళ్లు క్షమించేయడం తొందరపాటు అనిపించింది. పైగా ఆ సంగతి తర్వాతి రోజు ఎవరూ ఎత్తరు. అన్నీ గుర్తుపెట్టుకునే సీరియల్ అయితే దీన్ని ఎందుకు మరిచిపోయింది, చింతచిగురు గారూ?

చింతచిగురు

దానికి నా దగ్గర సమర్థన లేదు. మరిచిపోయింది.

పదో ఎపిసోడ్ గురించి మీరన్నది నాకు ఇన్నేళ్లలో తట్టలేదు.

మధ్యాహ్నం_షిఫ్ట్

చర్చకు అడ్డు రావడం కాదు గానీ, నడిమి ఎపిసోడ్లు ఎంత పని చేస్తాయో తెలియాలంటే అవి లేకుండా ఏమైందో చూస్తే చాలు. మాహేలో పుట్టిన ఎం. నైట్ శ్యామలన్ 2010లో ఈ సీజన్ మొత్తాన్ని వంద నిమిషాల పైచిలుకు సినిమాగా తీశాడు. జూకోగా దేవ్ పటేల్ నటించాడు. ఘటనలు చాలావరకు ఉన్నాయి. మంచుగడ్డ ఉంది, నీలం ముసుగు ఉంది, ఉత్తర ధ్రువపు యుద్ధం ఉంది. ఘటనకూ ఘటనకూ నడుమ ఈ ముగ్గురూ కలిసి తిని, పోట్లాడి, నవ్వుకున్న రోజులు లేవు. అందువల్ల పెద్ద ఘట్టం వచ్చినప్పుడు ఎవరికోసం బాధపడాలో చూసేవాడికి తెలియదు. కజిన్లందరం కలిసి వెళ్లి, విశ్రాంతి సమయంలో బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లని ఏకైక సినిమా అది.

2024లో నెట్‌ఫ్లిక్స్ ఇదే సీజన్‌ను నటీనటులతో ఎనిమిది ఎపిసోడ్లుగా తీసింది. అక్కడ జెట్ కథనూ, యంత్రాలు తయారుచేసే మెకానిస్ట్ కథనూ తీసుకువెళ్లి ఒమాషు నగరం కథలోనే కలిపేశారు. ఇరుకైపోయింది. ఒక మార్పు మాత్రం నాకు మూలం కంటే నచ్చింది. జూకో నోరు విప్పి కాపాడిన ఆ కుర్ర సైనికుల దళమే అతని ఓడ సిబ్బంది అని చివరికి తెలుస్తుంది. మూలాన్ని పూజించేవాళ్లు నన్ను తిట్టుకోవచ్చు.

పాత_ప్రొజెక్టర్

నాన్నగారూ, మిగిలినవి మూడు. ఆ మూడూ ఒకే సాయంత్రం చూడండి. పందొమ్మిది దగ్గర ఆపితే పాప నిద్రపోనివ్వదు.

పదహారు, పదిహేడు మీకు మామూలుగా అనిపించి ఉండవచ్చు కాబట్టి ఒక మాట. పదహారులో ఆంగ్ తొందరపడి నిప్పుతో ఆడి కటారా చేతులు కాలుస్తాడు, ఇక జన్మలో నిప్పు జోలికి పోనంటాడు. నాలుగు విద్యలూ నేర్వవలసినవాడు ఒకదానికి దూరమయ్యాడన్నమాట. ఆ బాకీ మూడో సీజన్‌లో తీరుతుంది, ఎవరి చేత తీరుతుందో ఊహించుకోండి. కాలిన చేతులను నీళ్లలో పెట్టినప్పుడు కటారాకు తన చేతుల్లో ఉన్న మరో విద్య తెలుస్తుంది. పదిహేడులో యుద్ధం గెలిచారని అందరూ సంబరపడుతుండగా, కూలిపోయిన ఆ గాలిబుడగ శత్రువు చేతికి దొరకడం చూశారు కదా. గెలిచిన రోజునే రేపటి ఓటమికి విత్తనం వేసి ముగించే ధైర్యం మొదటి ఆరు ఎపిసోడ్లలో లేదు. చింతచిగురు గారు దీనికైనా ఒప్పుకుంటారని ఆశిస్తున్నాను. పద్దెనిమిదిలో జావో జూకో గదిలోకి వచ్చి గోడ మీద ఉన్న రెండు కత్తులను చూస్తాడు. అక్కడ మాట్లాడకుండా పాప ముఖం చూడండి.

ఆఖరి భాగంలో యువరాణి యూయే ఉంది. పసితనంలో ఆమెకు ప్రాణం పోసింది చంద్రుడి ఆత్మ. చివరకు ఆ ప్రాణాన్ని ఆమె తిరిగి ఇచ్చేస్తుంది. పిల్లల సీరియల్‌లో సాధారణంగా ఇలాంటి చోట ఏదో ఒక మాయ జరిగి మనిషి తిరిగి వస్తుంది. ఇక్కడ రాదు. తొమ్మిదేళ్ల పిల్లకు ముందే కొంచెం చెప్పి ఉంచాలా వద్దా అన్నది మీ ఇష్టం. మా వాడికి నేను చెప్పలేదు, ఆ రాత్రి మిద్దె మీదికి తీసుకెళ్లి చంద్రుణ్ణి చూపించమన్నాడు.

నిడదవోలు_నాన్న

నిన్న రాత్రి అయిపోయింది. నేను ముందే చెప్పలేదు. ఏడ్చింది, కాసేపటికి ఊరుకుంది. నీళ్లలో మునిగిపోతున్న జావోకు జూకో చేయి అందించిన చోట మాత్రం లేచి నిలబడింది. తనను చంపించబోయినవాడికి అతను చేయి ఇవ్వడమూ, ఆ చేయి అందుకోవడం ఇష్టంలేక జావో మునిగిపోవడమూ నన్ను కూడా కదిలించాయి. పన్నెండోది చూడకుండా ఈ దృశ్యం చూసి ఉంటే నాకు ఏమీ అనిపించేది కాదేమో. ఆఖరి అర నిమిషంలో అగ్నిరాజు తన కూతురికి పని అప్పగిస్తున్నప్పుడు ఆ అమ్మాయి నవ్విన నవ్వు చూసి, మా పాప రెండో సీజన్ ఎప్పుడని అడుగుతోంది.

నాలుగు గంటల ఓపిక గురించి నేను అడిగిన మొదటి ప్రశ్నకు మీలో ఎవరూ జవాబు ఇవ్వలేదు గానీ, ఇప్పుడు నాకూ దాని మీద అంత పట్టింపు లేదు.

పదకొండోది పాత_ప్రొజెక్టర్ గారి మాట విని దాటేశాను. అంకెల్లో ఒకటి తగ్గిందని పాప ఇవాళ పొద్దున కనిపెట్టి, నన్ను నిలదీసి, ఒక్కతే కూర్చుని చూసింది. ఇప్పటిదాకా చూసిన ఇరవైలో తనకు ఎక్కువ నచ్చింది అదేనట. మధ్యాహ్నం భోజనం తర్వాత నన్ను కూడా కూర్చోబెట్టి మళ్లీ వేస్తానంటోంది.

పాత_ప్రొజెక్టర్

నా సానుభూతి తెలియజేస్తున్నాను.